కింద సన్నక్షరాలు గూడా

ఒక మనిషి చివరి ఓటు నా చేతుల మీదుగా పోయింది. నేను దొంగ ఓటు వేయించలేదు, జాబితాలో ఎవరి పేరూ కొట్టేయలేదు. మంచి చేద్దామని వెళ్లాను. నా వల్ల ఇతరులకు జరిగిన నష్టాలన్నీ ఇంచుమించు నేను మంచి చేద్దామని బయలుదేరిన రోజుల్లోనే జరిగాయి కాబట్టి, ఇందులో నా ఇంట్లోవాళ్లకు ఆశ్చర్యం కలగలేదు.

నేను చిత్తూరులో బడిపంతులిని. బడి పనితో పాటు మా నాలుగు వీధుల ఓటర్ల జాబితా చూసుకునే పని కూడా చాలా ఏళ్లుగా నా నెత్తిన ఉంది. ఆ పని చేసేవాణ్ని బూత్ లెవెల్ ఆఫీసరు అంటారు. ఆఫీసు లేని ఆఫీసరును. చంకలో సంచి, సంచిలో ఫారాలు. పద్దెనిమిది నిండినవాళ్లను చేర్చాలి, ఇల్లు మారినవాళ్లను మార్చాలి, పోయినవాళ్లను తీసేయాలి. మొన్న, పోయినవాళ్ల ఫారం ఒకటి పట్టుకొని ఒక ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఇల్లు ఆయనది.

వీధిలో అందరూ ఆయన్ను కండక్టరు తాత అనేవాళ్లు. ఆయన బస్సు దిగి పాతికేళ్లు దాటినా బస్సు ఆయన్నుంచి దిగలేదు. ఇంటికి ఎవరొచ్చినా ముందు కళ్లతో తలలు లెక్కపెట్టేవాడు. "ముగ్గురు పెద్దోళ్ళు, ఒక సంకబిడ్డ" అని తనలో తాను అనుకొని, ఆ తర్వాతే పలకరించేవాడు. నిలబడితే కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు రవ్వంత వంచేవాడు, కదలని గచ్చు మీద కూడా ఏ క్షణాన బ్రేకు పడుతుందో అన్నట్టు. గోడకు ఆనుకోవడం నేను చూడలేదు. ఏ కాగితం చేతికిచ్చినా నిలువుగా మడిచి ఎడమచేతి వేళ్ల సందున దూర్చేవాడు. కరెంటు బిల్లు, మందుల చీటీ, పెళ్లిపత్రిక, అన్నీ అక్కడ టికెట్ల మాదిరి నిలబడేవి. మాట ముగిసిందంటే దగ్గరున్న దేన్నయినా రెండుసార్లు తట్టి "రైట్" అనేవాడు. ఇక మీరు బయలుదేరవచ్చని అర్థం.

కూతురు వరండాలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడుతుంది. ఎక్కువగా తట్టించుకున్నది ఆ మిషనే.

"నాయనా, దీనికి గేర్లు లేవు. నువ్వెంత కొట్టినా అది తిరపతికి పోదు" అనేది ఆమె.

"నీ కుట్టు సూస్తే పుత్తూరుకు గూడా పోదులే మ్మే" అనేవాడు ఆయన.

సర్వీసులో ఎక్కువ కాలం తిరుపతి నుంచి కాళహస్తి, సరిహద్దులోని తడ మీదుగా మద్రాసు పోయే బండిలో చేశాడు. ఎన్నికలొస్తే మద్రాసులో పనులకు పోయిన మనవాళ్లంతా ఆ బండెక్కి ఓటుకు వచ్చేవాళ్లు. ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో. ప్రతిసారీ లేచి నిలబడి చెప్పేవాడు.

"తడ దాటినామంటే బస్సు బస్సంతా ఓట్లేనప్పా. నిలబడేదానికి తావుండదు. అందర్నీ వాళ్ళ వాళ్ళ ఊర్ల కాడ దించి, బండి డిపోలో పెట్టి, నేను బడి కాడికి పోతానా, ఆడ మీ అయివార్లు పెట్టెకు లక్క పూస్తా ఉంటారు. ఓటుకు పొయ్యేవాళ్ళను మోసినోనికి ఓటు లేదు, సూడు."

ఎన్నికల డ్యూటీ చేసేవాళ్లకు పోస్టులో ఓటు ఉంటుందని ఎవరో చెబితే విని, ఒకసారి పై అధికారిని అడిగాడట. "నీది ఎన్నికల డ్యూటీ కాదప్పా, బస్సు డ్యూటీ" అన్నాడట ఆ అధికారి. ఇప్పుడు అత్యవసర సేవల్లో ఉన్నవాళ్లకు కూడా ఆ వసతి ఇస్తున్నారు. ఎవరెవరికో ప్రతి ఎన్నికకూ ఒక జాబితా వేస్తారు. ఈయన ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ జాబితా లేదు. జాబితా వచ్చేసరికి ఈయనకు ఉద్యోగం లేదు.

అందుకేనేమో రిటైరయ్యాక ఒక్క ఓటూ వదల్లేదు. పోలింగు నాడు తెల్లవారకముందే గడ్డం గీసుకొని, పెట్టెలో దాచుకున్న ఖాకీ చొక్కా తొడుక్కొని మా బడికి వచ్చేసేవాడు. పెద్దవాళ్లు నేరుగా లోపలికి పోవచ్చని నేను ప్రతిసారీ చెప్పేవాణ్ని. వినేవాడు కాదు.

"లైన్లో నిలబడేదే ఓటు అయివారూ. లోపల ఏముండాది, ఒక్క నొక్కు."

ఊరికే నిలబడేవాడా అంటే అదీ కాదు. లైను మొత్తాన్ని నడిపేవాడు. "ముందుకు జరగండప్పా, వాకిలి కాడ నిలబడొద్దండి. ఓ గళ్ళ చొక్కా, నడాన దూరొద్దు. బిడ్డతల్లి వస్తా ఉండాది, తావియ్యండి." కాపలా పోలీసు లాఠీ చంకన పెట్టుకొని నవ్వుతూ చూసేవాడు.

బయటికొచ్చాక ఎడమ చూపుడువేలు అందరికీ చూపేవాడు. గోరు పెరిగేకొద్దీ సిరా గీత మెల్లగా పైకి జరుగుతుంది కదా, మనం గమనించం. ఆయన గమనించేవాడు. గీత గోరు నడుమకు వచ్చిన నాడు "తడ దాటింది" అనేవాడు. గోటి కొసన మిగిలిన ముక్కను కత్తిరించిన నాడు "మద్రాసులో దిగిపాయ" అనేవాడు.

పోయినసారి పెద్ద ఎన్నికలకు ముందు మమ్మల్ని శిక్షణకు పిలిచారు. ఎనభై అయిదు దాటినవాళ్లు కోరుకుంటే ఇంటి దగ్గరే ఓటు వేయవచ్చు. దానికి పన్నెండు-డి అనే ఫారం. మేము ఇంటింటికీ ఇవ్వాలి, కావాలన్నవాళ్ల దగ్గర సంతకం పెట్టించుకొని నోటిఫికేషను వచ్చిన అయిదు రోజుల్లో అప్పజెప్పాలి. అది మంజూరైతే అధికారుల బృందం ముందుగా చెప్పిన రోజున ఇంటికొస్తుంది. అట్ట మరుగు పెడుతుంది. ఓటరు ఆ మరుగున బ్యాలెట్ కాగితం మీద గుర్తు పెట్టి కవరులో పెట్టి అంటిస్తాడు. డిక్లరేషను మీద సంతకం చేస్తాడు, దాన్ని అధికారి ధ్రువీకరిస్తాడు. మొదటిసారి మనిషి ఇంట్లో లేకపోతే ఇంకొక్కసారి వస్తారు. ఇదంతా శ్రద్ధగా విన్నాను.

ఒక్క ముక్క వినలేదు. అది చెప్పేటప్పటికి భోజనం పొట్లాలు వచ్చాయి. ఊరగాయ ఉన్న పొట్లం ఏదో, లేనిది ఏదో తేల్చుకునే పనిలో ఉన్నాను. శిక్షణ నాకు, శిక్ష ఇంకొకరికి అని అప్పుడు తెలియదు.

ఆ ఒక్క ముక్క ఇది. ఫారం మంజూరయ్యాక జాబితాలో ఆ మనిషి పేరు పక్కన పి.బి. అని పడుతుంది, అంటే పోస్టల్ బ్యాలెట్. ఇంట్లో ఓటు వేసినా, వేయకపోయినా, ఆ మనిషి ఇక బూత్‌లో వేయడానికి వీల్లేదు. మాకిచ్చిన సూచనల కాగితంలో అడుగున సన్నటి అక్షరాలతో ఇది ఉంది. ఆ కాగితం పొట్లం కిందే ఉంది.

నా మట్టుకు నేను, పెద్దవాళ్లకు ఉన్న తలుపుతో పాటు ఇంకో తలుపు తెరుస్తున్నాననుకున్నాను. ఒకటి తెరిస్తే రెండోది తనంతట తానే మూసుకుంటుందని తెలియదు.

ఆయన దగ్గరికి వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. చిత్తూరు ఎండ. ఫారం ఇంటి దగ్గరే నింపి తెచ్చాను. నా బతుకులో ముందుచూపుతో చేసిన పనులు తక్కువ, అందులో ఇదొకటి.

"ఏందప్పా ఇది?"

"పెద్దోళ్ళకు సౌకర్యం, పెద్దాయనా. ఈడ సంతకం పెట్టు చాలు."

ఆయన దాన్ని నిలువుగా మడిచి, వేళ్ల సందున పెట్టుకొని, మళ్లీ విప్పాడు. "అద్దాలు యాడ పెట్టినానో కనపళ్ళేదు. నువ్వు సదివినావా?"

"చదివినాను."

"అంతా?"

"అంతా."

"కింద సన్నక్షరాలు గూడా?"

"చదివినాను పెద్దాయనా. ఇంకా ఇరవై ఇండ్లు తిరగాల."

డిపోలో ఏ కాగితమూ చదవకుండా సంతకం పెట్టని మనిషి. అయ్యవారు చదివాడంటే చదివినట్టే అనుకున్నాడు. పెట్టాడు. మంచంకోడు రెండుసార్లు తట్టి "రైట్, బిరబిరా పో, ఎండగా ఉండాది" అన్నాడు.

బృందం వచ్చే రోజు చెప్పడానికి మళ్లీ వెళ్తే ఆయనకు రోషం వచ్చింది.

"నా ఓటు కాడికి నేను పోతా గానీ, ఓటు నా ఇంటికొచ్చేదేంది? నేనేమన్నా మంచాన పడినానా? లైను లేకుండా ఓటు ఏంది, బస్సు లేకుండా టికెట్టు మాదిరి?"

"నీకు కష్టమని..."

"కష్టమని నేను సెప్పినానా?" కాసేపు ఆలోచించాడు. "ఆ పొద్దు నేను ఇంట్లో లేకపోతే ఏమైతుంది?"

"ఏముంది, వాళ్ళు వాపసు పోతారు. నువ్వు ఎప్పటి మాదిరే బడి కాడికి రా."

"ఎక్కని బస్సుకు టికెట్టు లేదు గదా?"

"లేదు" అన్నాను. నేను ఎప్పుడూ ఇంత ధీమాగా మాట్లాడలేదు. పాఠం చెప్పేటప్పుడు కూడా.

మొదటిసారి వాళ్లు వచ్చిన రోజు ఆయన కాణిపాకం బస్సెక్కి వెళ్లిపోయాడు. రెండోసారి తిరుపతి వెళ్లి, అలిపిరి దగ్గర కొండ బస్సులు ఎక్కేచోట ఒక అరుగు మీద కూర్చొని, కొత్త కండక్టర్లు జనాన్ని ఎలా ఎక్కిస్తున్నారో సాయంత్రం దాకా చూసి వచ్చాడు. ఇంటి దగ్గర కూతురు ఆ అధికారులకు మజ్జిగ ఇచ్చిందట. వాళ్లు తాగి, గైర్హాజరు అని రాసుకొని వెళ్లిపోయారు.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. "రెండుసార్లు తప్పించుకున్నా అయివారూ. ఒక్క పిల్లోడు గూడా ఇట్లా బడి ఎగ్గొట్టి ఉండడు." ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు ముడుచుకుపోతుంది.

పోలింగు నాడు నేను బడి బయట, షామియానా కింద జాబితా పెట్టుకొని కూర్చున్నాను. నా జాబితాలో ఆ రెండక్షరాలు లేవు. లోపలి జాబితాలో ఉన్నాయి. ఆయన ఖాకీ చొక్కాలో, లైనులో, రెండు గంటలు. "ముందుకు జరగండప్పా" అన్న గొంతు నాకు వినపడుతూనే ఉంది. ఆ తర్వాత వినపడలేదు. లోపలికి వెళ్లి ఉంటాడనుకున్నాను. కాసేపటికి నన్ను లోపలికి పిలిచారు.

జాబితా పట్టుకున్న ఉద్యోగి స్కేలు పెట్టి వరుస చూపించాడు. "సార్, ఈయనకు పోస్టల్ బ్యాలెట్ ఇచ్చినట్టు ఉండాది."

"ఇచ్చేదానికి వచ్చినారు, నేను తీసుకోలేదప్పా" అన్నాడు ఆయన.

ప్రిసైడింగ్ అధికారి ముప్పై ఏళ్లు దాటని అమ్మాయి. లేచి నిలబడి, పుస్తకం తెరిచి, ఒకటికి రెండుసార్లు ఓపికగా చెప్పింది. ఆయన కాళ్లు ఎడంగా పెట్టి, మెడ వంచి విన్నాడు.

"అంటే నా టికెట్టు ఇంకో బండికి కొట్టినారు. ఆ బండి ఎళ్ళిపోయింది. ఈ బండి నేను ఎక్కకూడదు. అంతే గదమ్మా?"

ఆమె తల దించుకుంది. "అంతే పెద్దాయనా."

"రూలు రూలే. నేను గూడా ఎంతమందిని దించినానో." ఎడమ చూపుడువేలు చాపాడు. "సిరా అన్నా రవ్వంత పెట్టు తల్లీ. వీధిలో అడుగుతారు."

"ఓటు వెయ్యకుండా పెట్టకూడదు పెద్దాయనా."

"సరే."

వేలు వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు నా వైపు తిరిగాడు. కోపం లేదు. అదే నాకు కష్టమైంది.

"సదివినానంటివే" అన్నాడు.

ఆయన వెనక లైను ఆగిపోయి ఉంది. అటు తిరిగి, ఎప్పుడూ లేనంత చిన్న గొంతుతో "ముందుకు జరగండప్పా" అని, తాను పక్కకు జరిగి వెళ్లిపోయాడు. దేన్నీ తట్టలేదు. రైట్ అనలేదు.

వారం రోజులు ఆ వీధిలోకి పోలేదు నేను. పోక తప్పని రోజున వెళ్తే, గుమ్మంలో నన్ను చూసి లోపలికి కేకేశాడు.

"సౌకర్యం వచ్చినాడు మ్మే, కాఫీ పెట్టు."

అంతే, నా పేరు మారిపోయింది. వీధికి కొత్తగా వచ్చినవాళ్లకు కూడా "ఈయన సౌకర్యం, నాకు నిండా సౌకర్యం చేసినాడు" అని పరిచయం చేసేవాడు. తిట్టి ఉంటే ఒక రోజుతో పోయేది. ఆయన తిట్టలేదు. చదివించాడు. వెళ్లిన ప్రతిసారీ వేళ్ల సందు నుంచి ఒక కాగితం తీసి ఇచ్చేవాడు. కరెంటు బిల్లు, మాత్రల డబ్బాలో మడిచి పెట్టే చీటీ, కూతురు కొన్న ఇస్త్రీపెట్టె గ్యారంటీ కార్డు.

"సదువు. అంతా. కింద సన్నక్షరాలు గూడా."

పైగా ఏ ఒక్కటీ నన్ను పూర్తి చేయనిచ్చేవాడు కాదు. రెండు ముక్కలు చదవగానే చెయ్యెత్తేవాడు. "ఆగప్పా. ఆ మాట మళ్ళా సదువు." మళ్లీ చదివితే, "అంటే ఏంది?" చెబితే, "నువ్వు సెప్పేది కాదు, దాంట్లో ఏమని ఉండాదో అది సదువు." సగంలో కాఫీ వచ్చేది, కాఫీ తర్వాత మొదటికొచ్చేది. ఏడాదిన్నరలో నేను ఆ ఇంట్లో మొదలుపెట్టిన కాగితం ఒక్కటి కూడా చివరికంటా చేరలేదు.

ఒక రోజు మాత్రం వేళాకోళం లేకుండా అడిగాడు. "ఆ పి.బి. ఇంక ఎప్పటికీ నా పేరు పక్కన ఉంటుందా?"

"ఆ ఒక్క ఎన్నికకే పెద్దాయనా. మళ్ళా ఉండదు."

"సదివి సెప్తా ఉండావా, ఊరికే సెప్తా ఉండావా?"

మర్నాడు కొత్త జాబితా తీసుకెళ్లాను. అద్దాలు పెట్టుకొని, తన పేరున్న వరుస మీద ఎడమ చూపుడువేలు ఆనించి, అంచు దాకా జరిపాడు. ఏమీ లేదు. మళ్లీ మొదటి నుంచి జరిపాడు. ఆ వేలి గోరు తెల్లగా ఉంది.

"రైట్" అన్నాడు. మిషను రెండుసార్లు తట్టాడు.

అప్పటి నుంచి ఒకటే ప్రశ్న. వార్డు ఎలక్షను ఎప్పుడు. ఇదిగో అదిగో అంటున్నారని నేను. "ఏ ఫారమూ తేవద్దప్పా నువ్వు. ఉత్త చేతులతో రా. లైను నేను సూసుకుంటా" అని ఆయన. ఎండ కాసిన రోజుల్లో ఖాకీ చొక్కా తీగ మీద వేసి ఆరబెట్టేవాడు. కూతురు దానికి ఊడిన గుండీ ఒకటి కుట్టింది. ఆయన తొడుక్కొని చూసుకొని, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి, "బిగుతైంది మ్మే" అన్నాడు. నిజానికి వదులైంది. ఆమె నన్ను చూసింది, నేను మిషను చూశాను.

ఎన్నిక రాలేదు. ఆయన ఆగలేదు. చలికాలంలో ఒక పొద్దున కాఫీ చల్లారిపోతోందని కూతురు లేపబోతే లేవలేదు. నేను వెళ్లేసరికి పడుకోబెట్టి ఉన్నారు. ఆయన్ను పడుకొని ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. దండ పక్కకు జరిపి ఎడమచేతిని చూశాను. గోరు ఈ కొస నుంచి ఆ కొస దాకా తెల్లగానే ఉంది.

కర్మకాండ అయిన నాలుగు రోజులకు ఫారం ఏడు పట్టుకొని వెళ్లాను. జాబితాలోంచి పేరు తీసేయమని అడిగే ఫారం. ఇంట్లో మనిషి సంతకం పెట్టాలి. ఈసారి ముందుగా నింపి తీసుకెళ్లలేదు. ఆమె మిషను మీంచి కాలు తీసి, కలం అందుకుంది.

"యాడ పెట్టాల సార్?"

"ఉండక్కా. చదవాల."

"మీరు సదివింటారు గదా."

"చదవలేదు."

ఆమె కలం కింద పెట్టింది. తీగ మీద ఖాకీ చొక్కా ఉంది. ఎవరూ తీసినట్టు లేదు. మంచం ఖాళీగా, కోడు నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. నేను ఆ మంచానికి ఎదురుగా స్టూలు వేసుకొని, గొంతు సవరించుకొని, మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టాను.

ఫారం పేరు చదివాను. ఏ నియమం కింద ఇచ్చారో చదివాను. నియోజకవర్గం చదివాను. పేరు తీసేయడానికి కారణాలు వరసగా ఇచ్చి గడులు పెట్టారు. మరణం ఒకటి. ఇల్లు విడిచి శాశ్వతంగా వెళ్లిపోవడం, గైర్హాజరు ఒకటి. ఇంతకుముందు రెండుసార్లు ఆయన పేరున గైర్హాజరు రాశారు, రెండుసార్లూ ఆయన పండగలాగా ఊరు తిరిగొచ్చాడు. ఆ గడి దగ్గర నేనే కాసేపు ఆగాను. ఆగమని ఎవరూ అనలేదు. మరణం దగ్గర టిక్కు పెట్టాను. అబద్ధం చెబితే ఏ శిక్ష పడుతుందో అడుగున ఉంది, అదీ చదివాను. రసీదు ముక్క చదివాను. దాని కింద సన్నక్షరాలు కూడా చదివాను.

చెయ్యెత్తలేదు. మళ్ళా సదువు అనలేదు. అంటే ఏంది అనలేదు. ఏడాదిన్నరగా సౌకర్యం, సౌకర్యం అని వీధి వీధంతా నన్ను ఏడిపించిన మనిషికి, ఏ కాగితాన్నీ నన్ను ముగించనివ్వని మనిషికి, ఒక కాగితం మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన వినిపించాను. నా కసి తీర్చుకున్నాను.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని సంతకం పెట్టింది. నేను గోడ గడియారం చూశాను. మొత్తం చదవడానికి నాలుగు నిమిషాలు పట్టింది.